ఒహాయో హౌస్ బిల్ 99

ఒహాయో హౌస్ బిల్ 99 అమెరికా సంయుక్త రాష్ట్రాలలోని ఒహాయో రాష్ట్రంలో 2022లో చేయబడిన పాఠశాల భద్రతా చట్టం. పాఠశాల ఆవరణలో ఆయుధం ధరించడానికి అనుమతి పొందిన ఉపాధ్యాయులు, ఇతర సిబ్బంది ఎంత శిక్షణ పొందాలో ఈ చట్టం నిర్ణయిస్తుంది. గవర్నర్ మైక్ డివైన్ 2022 జూన్ 13న దీనిపై సంతకం చేయగా, అదే సంవత్సరం సెప్టెంబరు 12 నుండి అమలులోకి వచ్చింది.

నేపథ్యం

అమెరికాలో విద్య ప్రధానంగా రాష్ట్రాల అధికార పరిధిలోని అంశం. పాఠశాలల పరిసరాలలో తుపాకులను నిషేధిస్తూ కేంద్ర ప్రభుత్వం 1990లో చేసిన చట్టాన్ని 1995లో సుప్రీంకోర్టు కొట్టివేసింది. అమెరికన్ కాంగ్రెస్ దానిని 1996లో సవరించి మళ్ళీ ఆమోదించింది. ఒహాయో చట్టం కూడా పాఠశాలలలో మారణాయుధాలను నిషేధిస్తుంది. అయితే పాఠశాల బోర్డు లిఖితపూర్వకంగా అనుమతించిన వారికి మినహాయింపు ఉంది. ఈ మినహాయింపు పొందినవారికి ఎంత శిక్షణ అవసరమన్నదే తరువాత వివాదాంశమైంది.

న్యాయస్థానం తీర్పు

ఒహాయోలోని బట్లర్ కౌంటీకి చెందిన మాడిసన్ పాఠశాలలో 2016లో ఒక విద్యార్థి కాల్పులు జరపగా తోటి విద్యార్థులు గాయపడ్డారు. దీని తరువాత 2018లో అక్కడి పాఠశాల బోర్డు కొందరు సిబ్బందికి ఆయుధాలు ధరించే అనుమతినిస్తూ తీర్మానించింది. కొందరు తల్లిదండ్రులు దీనిని న్యాయస్థానంలో సవాలు చేశారు. ఆయుధం ధరించి విధులు నిర్వహించే పాఠశాల ఉద్యోగికి పోలీసు అధికారులకిచ్చే ప్రాథమిక శిక్షణ గానీ, పోలీసు అధికారిగా 20 సంవత్సరాల అనుభవం గానీ ఉండాలని రాష్ట్ర సుప్రీంకోర్టు 2021 జూన్‌లో 4-3 ఆధిక్యతతో తీర్పు చెప్పింది. ఆ శిక్షణ వ్యవధి 700 గంటలకు పైగా ఉంటుంది. బోధన చేస్తూ అంత శిక్షణ పొందడం ఉపాధ్యాయులకు దాదాపు అసాధ్యం.

చట్టం ఆమోదం

శాసనసభ్యుడు థామస్ హాల్ ప్రతిపాదించిన, ఈ తీర్పు ప్రభావాన్ని తొలగించే బిల్లును దిగువ సభ 2021 నవంబరులో ఆమోదించింది. 2022 మే 24న టెక్సాస్ రాష్ట్రంలోని యువాల్డీలో ఒక ప్రాథమిక పాఠశాలలో జరిగిన కాల్పులలో 19 మంది విద్యార్థులు, ఇద్దరు ఉపాధ్యాయులు మరణించారు. తరువాత కొద్దిరోజులకే, జూన్ 1న, ఒహాయో సెనేట్ బిల్లును ఆమోదించింది.

ముఖ్యాంశాలు

* ప్రారంభ శిక్షణ గరిష్ఠంగా 24 గంటలు. ఆ తరువాత ప్రతి సంవత్సరం గరిష్ఠంగా 8 గంటలు. స్థానిక బోర్డు కోరుకుంటే ఇంతకంటే ఎక్కువ శిక్షణ విధించవచ్చు.
* శిక్షణలో ఆయుధ వినియోగంతో పాటు ఉద్రిక్తతను తగ్గించడం, ప్రథమ చికిత్స, సంఘటన తరువాత పిల్లలను తల్లిదండ్రులకు అప్పగించడం వంటి అంశాలుంటాయి. కనీసం 4 గంటలు కల్పిత సంఘటనల ద్వారా అభ్యాసం చేయించాలి.
* అనుమతి పొందినవారికి ప్రతి సంవత్సరం నేరచరిత్ర పరిశీలన జరగాలి.
* సిబ్బందికి ఆయుధాలు అనుమతించినట్లు బోర్డు ప్రజలకు తెలియజేయాలి. వారి పేర్లు మాత్రం గోప్యంగా ఉంటాయి.

సిబ్బందికి ఆయుధాలివ్వడం తప్పనిసరి కాదు. ఆ నిర్ణయం పూర్తిగా స్థానిక బోర్డులదే. అందువలన ఒకే రాష్ట్రంలో పక్కపక్క ఊళ్ళ పాఠశాలలలో వేర్వేరు విధానాలుండవచ్చు. కొలంబస్, సిన్సినాటి పరిసరాలలో నివసించే తెలుగువారితో సహా తల్లిదండ్రులందరూ తమ పిల్లలు చదివే పాఠశాల విధానాన్ని స్థానిక బోర్డు ప్రకటన ద్వారానే తెలుసుకోవలసి ఉంటుంది.

వాదప్రతివాదాలు

పోలీసులు చేరుకోవడానికి ఎక్కువ సమయం పట్టే గ్రామీణ పాఠశాలలకు ఈ చట్టం అవసరమని సమర్థకులు వాదించారు. తుపాకి యజమానుల హక్కుల సంస్థ బక్కై ఫైరార్మ్స్ అసోసియేషన్ దీనిని బలపరచింది. ఉపాధ్యాయ సంఘాలతో పాటు పోలీసు అధికారుల సంఘం కూడా 24 గంటల శిక్షణ చాలదని బిల్లును వ్యతిరేకించింది. కొలంబస్, క్లీవ్‌లాండ్ వంటి పెద్ద నగరాల మేయర్లు కూడా వ్యతిరేకత తెలిపారు. యువాల్డీలో శిక్షణ పొందిన పోలీసులే 77 నిమిషాల పాటు తరగతి గదిలోకి ప్రవేశించలేదు. పోలీసుల కోసం ఎదురుచూడడం ప్రమాదకరమనడానికి ఒక పక్షం, శిక్షణ ఉన్నవారే తడబడినప్పుడు ఉపాధ్యాయుని నుండి ఏమి ఆశించగలమని అడగడానికి మరొక పక్షం ఈ ఉదంతాన్నే ఉదహరించాయి.

ఇతర రాష్ట్రాలలో

శిక్షణ వ్యవధి రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. టెక్సాస్ 2013లో స్కూల్ మార్షల్ పథకాన్ని 80 గంటల శిక్షణతో ప్రవేశపెట్టింది. ఫ్లోరిడాలోని పార్క్‌లాండ్‌లో 2018 ఫిబ్రవరి 14న 17 మంది మరణించిన తరువాత ఆ రాష్ట్రం 144 గంటల శిక్షణతో గార్డియన్ పథకాన్ని ప్రారంభించింది; 2019లో దానిని తరగతి ఉపాధ్యాయులకు కూడా వర్తింపజేసింది. టెన్నెసీ 2024లో చేసిన చట్టం సంవత్సరానికి 40 గంటల శిక్షణను నిర్దేశించింది.

ఇవి కూడా చూడండి

* అమెరికా సంయుక్త రాష్ట్రాల రాజ్యాంగ రెండవ సవరణ
* ఒహాయో