పూరీ యాత్ర: బయలుదేరే ముందు తిథి చూసుకోండి

ఒడిశా తీరంలోని పూరీ, ధామాలు నాలుగింటిలో తూర్పు దిక్కు క్షేత్రం. నేటి జగన్నాథాలయాన్ని 12వ శతాబ్దంలో తూర్పు గంగరాజు అనంతవర్మ చోడగంగదేవుడు కట్టించడం ప్రారంభించాడు. శ్రీకాకుళం జిల్లా ముఖలింగం ప్రాంతమే ఆ వంశపు పాత రాజధాని కళింగనగరమని చెబుతారు. కనుక పూరీతో మనది కొత్త చుట్టరికం కాదు.

దర్శనం ఉండని రోజులు

పెద్దవాళ్లను ఎంతో ప్రయాసపడి తీసుకువెళ్లాక గర్భాలయంలో స్వామి లేడంటే వారి మనసు కష్టపడుతుంది. జ్యేష్ఠ పూర్ణిమనాడు దేవతామూర్తులకు 108 కుండల నీటితో స్నానం చేయిస్తారు. ఆ తరువాత దాదాపు పదిహేను రోజులు అనవసరకాలం, దర్శనం ఉండదు. ఆ రోజుల్లో భక్తులు బ్రహ్మగిరిలోని అలారనాథ స్వామిని దర్శిస్తారు. ఆషాఢ శుద్ధ విదియనాడు రథయాత్ర. అప్పటినుంచి స్వామి గుండిచా మందిరంలో ఉంటాడు. దశమినాడు తిరుగు రథయాత్ర, త్రయోదశినాడు ఆలయప్రవేశం. అంటే రథయాత్రకోసం కాక, ఆలయంలో దర్శనంకోసం వెళ్లేవారు ఈ నెల రోజులూ వదిలి వేరే సమయం పెట్టుకోవాలి.

కార్తికంలో మరో తేడా ఉంది. మన కార్తికం దీపావళి మర్నాడు మొదలై అమావాస్యతో ముగుస్తుంది. ఒడిశాలో ఆశ్వయుజ పూర్ణిమ దాటగానే మొదలై కార్తిక పూర్ణిమతో ముగుస్తుంది. మన లెక్కతో బహుళ పక్షంలో వెళ్తే అక్కడ కార్తిక వ్రతాలు అప్పటికే అయిపోయి ఉంటాయి. పూర్ణిమతో ముగిసే చివరి అయిదు రోజులు, అంటే పంచుక, విపరీతమైన రద్దీ.

ఆలయంలో

హిందువులకే ప్రవేశం. ఫోను, కెమెరా, తోలు బెల్టు, తోలు పర్సు బయటే ఉంచాలి. పండాలతో పూజ ఖర్చు ముందుగానే మాట్లాడుకోండి. తూర్పున సింహద్వారం దాటాక 22 మెట్లు ఎక్కాలి, మోకాళ్ల నొప్పులున్నవారికి ఎవరైనా తోడుండాలి.

ఆనందబజారులో మహాప్రసాదం దొరుకుతుంది. కట్టెల పొయ్యిమీద మట్టికుండల్లో వండుతారు. ఉల్లి, వెల్లుల్లి ఉండవు. కులభేదం లేకుండా అందరూ నేలమీద కూర్చుని తింటారు. ఇంటికి తీసుకువెళ్లడానికి ఖాజా బాగుంటుంది, మన మడత కాజాకు దగ్గరి బంధువు.

సముద్రం

పూరీ అలలు బలమైనవి. పిల్లలను, పెద్దలను ఒంటరిగా నీళ్లలోకి దించకండి. ఒడ్డున పెంఠకటా బస్తీలో తెలుగు మాట్లాడే జాలరి కుటుంబాలు తరతరాలుగా ఉంటున్నాయి. స్థానికులు వీరిని నోలియాలంటారు. యాత్రికులను చేయిపట్టి స్నానం చేయించడం వీరికి పాత వృత్తి. వారిని తెలుగులోనే పలకరించండి, మాట వినండి.

ప్రయాణం

హౌరా–చెన్నై ప్రధాన మార్గం పూరీమీదుగా పోదు. నేరుగా పూరీ బండి దొరకకపోతే ఖుర్దారోడ్ జంక్షన్‌లో దిగి మారాలి, అక్కడినుంచి సుమారు 44 కిలోమీటర్లు. టికెట్టు తీసే ముందు పంచాంగం ఒకసారి తిరగేయమని సభ్యులకు మనవి.