చక్రాల మీద కాపురం

ఊరు దాటి నాలుగు రాత్రులు ఆరుబయట గడపాలంటే ఏ బండి మేలు? అందులో ఏమేం సర్దుకోవాలి? ప్రతి తరమూ తన దారులను బట్టి ఈ ప్రశ్నకు జవాబు వెతుక్కుంది. ఎవరు వెతికినా చివరికి తేల్చింది మాత్రం బరువే.

మోటారు రాకముందు సుఖప్రయాణమంటే మందీమార్బలమే. 1830లో మద్రాసు నుంచి కాశీకి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్య వెంట పల్లకి, బోయీలు, గుడారాలు, సుమారు వందమంది పరివారం ఉన్నారు. ఆ పల్లకి బరువంతా మనుషుల భుజాల మీదే సాగింది. 1885లో బ్రిటన్‌లో గోర్డన్ స్టేబుల్స్ అనే మాజీ నౌకాదళ వైద్యుడు కేవలం సరదా కోసం ‘వాండరర్’ అనే ఇంటిబండి చేయించుకున్నాడు. అది దాదాపు 2 టన్నుల మహాగని వైభవం. లాగడానికి రెండు గుర్రాలు. ఇరుకు దారుల్లో ఎదురొచ్చేవాళ్లను హెచ్చరించడానికి సేవకుడొకడు మూడుచక్రాల సైకిలు మీద ముందు వెళ్లేవాడు.

1910లో అమెరికాలో పియర్స్-యారో కంపెనీ తెచ్చిన ‘టూరింగ్ లాండో’ కారులో వెనక సీటు పరుపయ్యేది, డ్రైవరు సీటు వెనక నుంచి సింకు తెరుచుకునేది, డ్రైవరుతో మాట్లాడటానికి టెలిఫోనూ ఉండేది. అది కలవారి ముచ్చట. ఆ సరదాను సామాన్యుడి దాకా తెచ్చింది ఫోర్డ్ మోడల్-టి. 1919లో ఫ్లోరిడాలోని టాంపాలో పుట్టిన ‘టిన్ కెన్ టూరిస్టులు’ అనే సంఘం సభ్యులు కారు రేడియేటర్ మూతకు రేకు డబ్బా తగిలించుకుని తిరిగారు. ఆ మోడల్-టి తయారుచేయించిన ఫోర్డ్ మాత్రం ఆవిష్కర్త ఎడిసన్‌తో కలిసి వంటబండి, గుడారాల్లో కరెంటు దీపాలతో అడవుల్లో బస చేసేవాడు. ఆ హంగులో వీరాస్వామయ్య బృందానికేమీ తీసిపోలేదు.

అసలు మలుపు జర్మనీలో వచ్చింది. 1950లో ఫోక్స్‌వ్యాగన్ వ్యాన్ తయారీ మొదలైంది. దాని ఇంజను శక్తి పాతిక హార్స్‌పవరే, కాబట్టి ఇల్లంతా ఎక్కిస్తే కొండెక్కదు. మరుసటి ఏడాది వెస్ట్‌ఫాలియా సంస్థ ‘క్యాంపింగ్ బాక్స్’ చేసింది: అల్మారా, పరుపు, మడత బల్ల కలిసిన చెక్క సరంజామా. సెలవు రోజున ఎక్కించుకోవచ్చు, సోమవారానికి దించేసి అదే వ్యాన్‌లో సరుకు వేసుకోవచ్చు. ఒకే బండి బతుకుతెరువుకూ విహారానికీ పనికొచ్చింది.

నేడు మన దగ్గర టెంపో ట్రావెలర్‌ను ఇల్లుగా మార్చుకునేవారున్నారు, జీపు మీద గుడారం బిగించుకునేవారూ ఉన్నారు. బండిలో కరెంటు కోసం పెట్టే లిథియం బ్యాటరీ, అంతే సామర్థ్యమున్న పాత లెడ్-యాసిడ్ బ్యాటరీలో సగం బరువైనా ఉండదు. నీళ్ల బరువు మాత్రం ఏ కాలంలోనూ తగ్గలేదు: 60 లీటర్లంటే 60 కిలోలు. పైకప్పు మీద గుడారం ఎంత బరువుంటే ఘాట్ మలుపుల్లో బండి అంత ఊగుతుంది. అందుకే బండి మోయగల బరువెంతో ముందు తెలుసుకోవాలి. అందులోంచి మనుషులు, నీళ్లు, సామాన్ల బరువు తీసేయాలి. మిగిలిన కిలోలు చేతికొచ్చాకే వడ్రంగిని పిలవాలి.