మంచం పక్కన కూర్చున్నవారు

‘చాప్లిన్’ అన్న మాటకు తెలుగులో స్థిరపడిన సమానార్థకం లేదు. పురోహితుడంటే కుదరదు, ఆయన కర్మ చేయిస్తాడు. గురువంటే కుదరదు, ఆయన బోధిస్తాడు. పాస్టరంటే కొంత దగ్గరే గాని పాస్టరుకు ఒక ఊరో, ఒక సంఘమో ఉంటుంది. చాప్లిన్ పనిచేసేది ఆస్పత్రిలో, సైనిక శిబిరంలో, చెరసాలలో. ఇల్లు విడిచి వచ్చి, తిరిగి ఎప్పుడు వెళతామో, అసలు వెళతామో లేదో తెలియక మనుషులు రోజులు లెక్కపెట్టే చోట్లవి. అక్కడ వారి పక్కన ఉండడమే ఆయన ఉద్యోగం.

మాట లేనంత మాత్రాన ఆ పని మన దగ్గర జరగలేదనుకోనక్కరలేదు. అనంతపురం జిల్లా యాడికి నుంచి బయలుదేరి తాడిపత్రి చేరి, అక్కడి నుంచి పెన్న పారే దిక్కుగా గండికోట దాటి పోతే జమ్మలమడుగు వస్తుంది. నూటపాతికేళ్ళ కిందటే ఈ పని మొదలైన ఊళ్ళలో అదొకటి. ఆ కథను కాస్త వెనకనుంచి చెప్పుకుంటే గాని అందులో తేలవలసిన ప్రశ్న ఏమిటో అర్థం కాదు.

ముందు పేరు సంగతి. నాలుగో శతాబ్దంలో మార్టిన్ అనే రోమన్ సైనికుడు చలికి వణుకుతున్న బిచ్చగాణ్ణి చూసి, తన పై అంగీని కత్తితో రెండుగా చీల్చి సగం అతనికి కప్పాడని క్రైస్తవుల ఐతిహ్యం. మిగిలిన సగాన్ని తర్వాతి కాలపు ఫ్రాంకు రాజులు పవిత్రవస్తువుగా దాచుకున్నారు. లాటినులో ఆ అంగీ పేరు ‘కప్పెల్లా’. దాన్ని కాపాడే మతాధికారులు ‘కప్పెల్లాని’ అయ్యారు. చాపెల్, చాప్లిన్ అనే మాటలు రెండూ అక్కడ పుట్టినవే. వణికేవాడికి కప్పిన సగం గుడ్డను మరిచి, రాజుగారి పెట్టెలోని సగానికి కాపలా కాయడం ఈ వృత్తికి పుట్టుకతో వచ్చిన ప్రమాదం కాబోలు.

మన దేశానికి చాప్లిన్లు వచ్చింది ఈస్టిండియా కంపెనీతో. మద్రాసు కోటలో 1664లో కంపెనీ ఒక చిన్న ఆస్పత్రి పెట్టింది. 1680లో అదే కోటలో సెయింట్ మేరీస్ చర్చి ప్రతిష్ఠ జరిగింది. కంపెనీ జీతమిచ్చి పోషించిన చాప్లిన్ల బాధ్యత ప్రధానంగా కంపెనీ ఉద్యోగులు, సిపాయిల్లోని తెల్లవారు. యాడికికి పొరుగునే ఉన్న గుత్తి ఇందుకు ఒక సాక్ష్యం. మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో 1827 జూలై 6న పత్తికొండలో కలరాతో మరణించినప్పుడు ఆయనను ముందుగా ఖననం చేసింది గుత్తిలోనే. తర్వాత ఆ అవశేషాలను మద్రాసు కోటకు తీసుకుపోయారు. గవర్నరుకు సమాధి ఉంది, ప్రార్థన ఉంది, శిలాఫలకం ఉంది. అదే కలరాతో పల్లెల్లో పోయినవారి మంచం పక్కకు రావలసిన బాధ్యత ఏ కంపెనీ చాప్లిన్‌కూ లేదు.

అయితే పల్లెలో రోగి ఒంటరి అనుకోవడమూ పొరపాటే. యాడికి వంటి చేనేత ఊళ్ళో జబ్బుచేసిన మనిషి చుట్టూ ఇంటివాళ్ళు, ఇరుగుపొరుగు, మంత్రం వేసేవాడు, తాయెత్తు కట్టే ఫకీరు, మొక్కు గుర్తుచేసే ముసలమ్మ ఉండేవారు. ఈ సీమలో హిందువులూ ముస్లిములూ కలిసి గూగూడు కుళ్ళాయిస్వామికి మొక్కుకుంటారు. మంచం పక్కన మాట చెప్పేవారికి కొదవలేదు. ఆ వలయాన్ని తెంచినవి రెండు. ఒకటి కరువు. 1876–78 నాటి మహాక్షామం ఈ ప్రాంతాన్ని తుడిచిపెట్టినంత పని చేసింది. అప్పటికి ఈ ఊళ్ళన్నీ బళ్ళారి జిల్లాలోనివి. అనంతపురం జిల్లా ఏర్పడింది 1882లో. రెండోది ఆస్పత్రి. బతికించడానికే అది రోగిని ఇంటి నుంచి వేరుచేసింది. కూలి పోగొట్టుకుని నెలల తరబడి పక్కన కూర్చోగల బంధువులు ఎందరుంటారు?

ఈ సీమలో లండన్ మిషనరీ సొసైటీ 1810లో బళ్ళారిలోనూ, 1822లో కడపలోనూ పని మొదలుపెట్టింది. పందొమ్మిదో శతాబ్దం చివరి దశాబ్దంలో డాక్టర్ థామస్ విన్సెంట్ క్యాంబెల్ జమ్మలమడుగులో వైద్యం ప్రారంభించారు. ఆయన పేరు మీదనే ఆ ఆస్పత్రి క్యాంబెల్ ఆస్పత్రి అయింది. 1947లో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడ్డాక దాని నిర్వహణ కిందికి వచ్చింది. అటు గుంటూరులో అమెరికన్ లూథరన్ మిషన్ తరఫున 1883లో వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్ 1898లో స్త్రీల ఆస్పత్రిని తెరిచారు. ఆమెను మొదట పంపింది స్త్రీల మధ్య మతసేవకు. వైద్య మిషనరీగా మిషన్ గుర్తించింది ఆ తర్వాతనే. ఇంటి గడప దాటని స్త్రీలు మగ వైద్యుడికి చెయ్యి కూడా చూపని రోజులవి.

ఆ నాటి మిషన్ ఆస్పత్రుల దినచర్య ఇంచుమించు ఒకేలా ఉండేది. తెల్లవారేసరికి వరండాలో రోగులు చేరేవారు. డాక్టరు రాకముందో, చీటీలు ఇచ్చే సమయంలోనో ఉపదేశి ఒకరు నిలబడి సువార్తలోని ఒక కథ చదివి, దాని సారం చెప్పి, ప్రార్థన చేసేవాడు. ఆ తర్వాతనే మందు. లోపలి వార్డుల్లో రోగుల బంధువులు తమ వంట తాము వండుకుంటూ ఉంటే, మంచం మంచానికీ తిరిగి మాట్లాడే పని ఉపదేశులదీ, ‘బైబిలు స్త్రీ’లదీ. ఈ బైబిలు స్త్రీలు తెలుగువారే. కాస్త చదువు నేర్చిన క్రైస్తవ స్త్రీలు, పలువురు వితంతువులు. మిషన్ ఇచ్చే కొద్దిపాటి జీతంతో ఊళ్ళు తిరిగేవారు, ఆస్పత్రుల్లో కూర్చునేవారు. మన దేశపు ఆస్పత్రి చాప్లిన్ల వంశవృక్షం గీస్తే వేరుల్లో ఉండవలసినవారు వీరే. మిషన్ చరిత్రల్లో డాక్టర్ల పేర్లు పెద్ద అక్షరాల్లో ఉంటే, వీరు తరచుగా ‘మన బైబిలు స్త్రీ’ అన్న రెండు మాటల్లో ఇమిడిపోయారు.

ఇక్కడ ఒక్క సంగతి గమనించాలి. రాయలసీమలో లండన్ మిషన్ సంఘాలు పెరిగింది ప్రధానంగా మాల మాదిగ పేటల్లో. అంటే ఊరి బావి దగ్గరకు రానివ్వని కులంలో పుట్టిన స్త్రీ, ఆస్పత్రి వార్డులో అగ్రకులపు రోగి మంచం పక్కన కూర్చుని చదువుతున్నది, జ్వరం ఎలా ఉందని అడుగుతున్నది. ఊళ్ళో ఆ ఇద్దరి మధ్య ఉండే దూరం నాలుగు గోడల మధ్య నాలుగడుగులకు తగ్గింది. ఏ ప్రకటనా లేకుండా జరిగిన ఈ మార్పు మందులకంటే తక్కువది కాదని నా అభిప్రాయం.

అయితే ప్రశ్న కూడా సరిగ్గా ఈ మంచం దగ్గరే పుట్టింది. సంతలో బోధకుడి మాట నచ్చకపోతే లేచిపోవచ్చు. కాలు విరిగి పడుకున్నవాడు ఎక్కడికి లేచిపోతాడు? మందు ఇచ్చే చేతిని నొప్పించలేక తలూపిన రోగి తలూపు నమ్మకమా, మర్యాదా, భయమా? వైద్యాన్ని మతం మార్చడానికి సాధనం చేసుకోవడం తగదని గాంధీజీ 1931లో యంగ్ ఇండియాలో రాశారు. జబ్బు నయం చేసినంత మాత్రాన డాక్టరు మతంలోకి రోగి ఎందుకు మారాలన్నది ఆయన ప్రశ్న. మరుసటి సంవత్సరమే అదే మాట లోపలినుంచి వచ్చింది. అమెరికన్ ప్రొటెస్టెంటు సంఘాల లౌకిక సభ్యులు విలియం ఎర్నెస్ట్ హాకింగ్ అధ్యక్షతన ఒక విచారణ సంఘాన్ని ఇండియా, బర్మా, చైనా, జపాన్‌లకు పంపారు. 1932లో వెలువడిన ఆ సంఘం నివేదిక, తప్పించుకుని పోలేని రోగి ముందు వార్డుల్లో బోధించడం సూక్ష్మమైన బలవంతమేనని తేల్చింది. మిషన్ వర్గాల్లో ఆ నివేదికపై పెద్ద దుమారమే రేగింది.

బోధ తీసేస్తే ఆ పనిలో ఇక మిగిలేది ఏమిటి? దీనికి జవాబు పుస్తకాల్లోకంటే డిచ్‌పల్లి వంటి చోట బాగా కనిపిస్తుంది. నిజామాబాదు దగ్గర, నాటి నిజాం రాజ్యంలో, డాక్టర్ ఇసబెల్ కెర్, ఆమె భర్త రెవరెండ్ జార్జి కెర్ 1915లో అక్కడ కుష్ఠురోగుల ఆస్పత్రిని స్థాపించారు. భార్య డాక్టరు, భర్త పాదిరి. రాజా నర్సాగౌడు అనే స్థానిక హిందూ దాత ధనసహాయం చేశారు. అప్పటికి ఉన్న మందు చాల్మోగ్రా జాతి నూనెల ఇంజెక్షను. అది బాధాకరమైనది, నెలల తరబడి పట్టేది, అందరికీ పనిచేయనిది. సల్ఫోన్ మందులు రావడానికి 1940లు, అనేక మందుల చికిత్స రావడానికి 1980లు పట్టాయి. పైగా 1898 నాటి కుష్ఠురోగుల చట్టం వారిని వేరుపెట్టే అధికారం సర్కారుకు ఇచ్చింది. బ్రిటిషు ఇండియాలో పుట్టిన ఆ చట్టం 2016 దాకా రద్దు కాలేదు. ఇంటివాళ్ళు బతికుండగానే పోయినవాడిగా లెక్కకట్టిన మనిషి దగ్గర కూర్చునేవాడికి ఒక ప్రసంగం సరిపోదు. రేపు, ఎల్లుండి, వచ్చే ఏడు కూడా అదే మనిషి అక్కడే ఉంటాడు. ఆయన కోపం వినాలి, ఉత్తరం రాసిపెట్టాలి, జవాబు రాని ఉత్తరం గురించి మాట్లాడకుండా పక్కన కూర్చోగలగాలి.

ఇటువంటి చోట్ల అనుభవం నేర్పిన దాన్ని శిక్షణగా మలచిన ఘనత ఎక్కడో అమెరికాలో ఆంటన్ బాయ్‌సెన్ అనే పాదిరికి దక్కింది. ఆయన స్వయంగా మానసిక రోగిగా ఆస్పత్రిలో గడిపినవాడు. కోలుకున్నాక మసాచుసెట్స్‌లోని వూస్టర్ ప్రభుత్వ మానసిక వైద్యశాలలో చాప్లిన్‌గా చేరి, 1925లో వేదాంత విద్యార్థులను అక్కడికి రప్పించి శిక్షణ మొదలుపెట్టాడు. గ్రంథాలు చదివినంత శ్రద్ధగా రోగులను చదవాలన్నది ఆయన పాఠం. మంచంలో ఉన్నవాడు చెప్పేవాడయ్యాడు, పక్కన కూర్చున్నవాడు వినేవాడయ్యాడు. నేడు ప్రపంచంలో పలుచోట్ల ఆస్పత్రి చాప్లిన్లు పొందే శిక్షణ ఈ మూలం నుంచి వచ్చినదే. ఇందులో విద్యార్థి రోగితో జరిపిన సంభాషణను మాటకు మాటగా గుర్తుతెచ్చుకుని రాస్తాడు. తాను ఎక్కడ తొందరపడి ధైర్యం చెప్పాడో, ఎక్కడ రోగి మాట మధ్యలో ఆపి తన మాట చొప్పించాడో తోటివారు వేలెత్తి చూపుతారు.

వైద్యం కూడా అటువైపునుంచి నడిచి వచ్చింది. 1967లో లండనులో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పీస్ తెరిచిన డాక్టర్ సిసిలీ సాండర్స్, చావుకు దగ్గరైనవారి నొప్పిలో శరీరం, మనసు, సంసారం, ఆత్మ అన్నీ కలిసి ఉంటాయని చెప్పారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2002లో ఉపశమన వైద్యానికి ఇచ్చిన నిర్వచనంలో శారీరక, మానసిక సామాజిక సమస్యలతోపాటు ఆధ్యాత్మిక సమస్యలను కూడా చేర్చింది. మన కేంద్రప్రభుత్వం 2012లో ఉపశమన వైద్యానికి జాతీయ కార్యక్రమాన్ని రూపొందించింది. ఒకప్పుడు మిషన్ వరండాలో ఉపదేశి చేసిన పని ఇలా మతం గడప దాటి వైద్యశాస్త్రం లెక్కలోకి వచ్చింది.

మళ్ళీ యాడికి వద్దాం. ఏడాదికి ఇంచుమించు 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లా ఇది. వేరుశనగ ఎండిన ఏడు ఇంటిల్లిపాదీ బెంగుళూరుకో, ఇంకెక్కడికో పనికి పోతారు. వెనక ముసలివాళ్ళు, జబ్బువాళ్ళు మిగులుతారు. జమ్మలమడుగు, వేలూరు వంటి చోట్ల క్రైస్తవ ఆస్పత్రుల్లో చాప్లిన్లు ఉంటే ఉండవచ్చు. వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో అందుకొక విభాగమే ఉంది. 1969లో అనంతపురం వచ్చి మరుసటి ఏడు జెస్యూట్ సంఘాన్ని విడిచిపెట్టిన విన్సెంట్ ఫెర్రర్ స్థాపించిన సంస్థ బత్తలపల్లిలో పెద్ద ఆస్పత్రి కట్టింది. అక్కడ ఎయిడ్స్ రోగులను ఆదరించింది. ఆ సంస్థ మతసంస్థ కాదు. ప్రభుత్వాస్పత్రుల్లో హెచ్ఐవీ పరీక్షకు ముందూ తర్వాతా రోగితో విడిగా, గోప్యంగా మాట్లాడే కౌన్సెలర్ ఉంటాడు. నా లెక్కలో ఆ చిన్న గదిలో కూర్చున్నవారు పాత బైబిలు స్త్రీకి లౌకిక వారసులు. ఒక్క తేడా, వారి చేతిలో పుస్తకం లేదు. అయితే ఆ గది ఒక్క జబ్బుకే. క్యాన్సరు ముదిరినవాడికి, పురుగుల మందు తాగి బతికి బయటపడిన రైతుకు, బిడ్డ పోయిన బాలింతకు అటువంటి కుర్చీ ఎక్కడ?

జిల్లా ఆస్పత్రికి చాప్లిన్లను వేయమని నేననడం లేదు. మూడు మతాలవారూ, ఏ మతమూ పట్టనివారూ ఒకే వార్డులో పడుకునే దేశంలో ఎవరి పుస్తకం చదవాలన్న తగాదా మొదటిరోజే వస్తుంది. కాని ఈ చరిత్ర ఒకటి నేర్పుతున్నది. ఆ కుర్చీలో కూర్చునేవాడు రోగికి ఏమి ఇవ్వాలో ముందే నిర్ణయించుకుని వస్తే అది బలవంతం అయింది. రోగికి ఏమి కావాలో అడిగి, దానికోసం కాచుకుని కూర్చుంటే సేవ అయింది. కుళ్ళాయిస్వామి తాయెత్తు కావాలన్న రోగికి తాయెత్తు, యాసీన్ చదివించమన్న రోగికి యాసీన్, ఏమీ వద్దు, కాసేపు కూర్చోమన్న రోగికి ఆ కాసేపు. ఈ పనికి శిక్షణ ఇవ్వవచ్చు, జీతం ఇవ్వవచ్చు, తెలుగులో ఒక మంచి పేరూ పెట్టవచ్చు.

ఆ పేరు వెతికే పని మాత్రం ఇది చదివే మిత్రులకు వదిలేస్తున్నాను. మీ ఊరి ఆస్పత్రిలో డాక్టరూ నర్సూ కాకుండా, రోగులు ఎదురుచూసే మనిషి ఎవరైనా ఉంటే, వారిని అక్కడివారు ఏమని పిలుస్తారో రాయండి. నిఘంటువు చెప్పలేని మాట ఆ వార్డులో ఎవరి నోటనో ఇప్పటికే ఉండవచ్చు.