దేవుడే కొండ దిగివచ్చే ఊరు

మా అహోబిలం ఒకటి కాదు, రెండు. ఆళ్లగడ్డ నుంచి వస్తే ముందు తగిలేది దిగువ అహోబిలం. ప్రహ్లాదవరద నరసింహుడి కోవెల, విజయనగర కాలపు మంటపాలు ఇక్కడున్నాయి. ఇంకో ఎనిమిది కిలోమీటర్లు పోతే ఎగువ అహోబిలం. అక్కడ నల్లమల రెండుగా చీలి, నడుమ భవనాశిని ఏటికి దారి ఇచ్చింది. రాతి గుహే గర్భాలయం. గోపురం, మంటపాలు తర్వాతి రాజులు చేర్చినవి. ఏటి బండలు పట్టుకుని ఇంకా పైకెక్కితే జ్వాలా నరసింహుడు. గుడి మొత్తం కొండచరియ కిందే ఒదిగి ఉంటుంది. వానలు పడితే పైనుంచి నీళ్లు ధార కడతాయి.

ఇంత దుర్గమమైన చోటికి దారి ఎలా పడిందన్నదే మా ఊరి చరిత్ర. వైష్ణవ భక్తకవి తిరుమంగై ఆళ్వారు ఇక్కడికి దేవతలు తప్ప మనుషులు రాలేరన్నాడు. 14వ శతాబ్దంలో రెడ్డిరాజు ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలానికీ, అహోబిలానికీ మెట్లు కట్టించాడు. ఆయన ఆస్థానకవి ఎఱ్ఱన నృసింహపురాణం రాశాడు. కళింగ దండయాత్ర రోజుల్లో శ్రీకృష్ణదేవరాయలు వచ్చి స్వామికి నగలు, వరహాలు సమర్పించాడు.

దారి పడ్డాక భక్తుల వెనకే దండ్లూ వచ్చాయి. 1579 ప్రాంతంలో గోల్కొండ సేన, హండె నాయకులతో కలిసి గుడిని దోచుకుంది. ఐదారేళ్లు ఊరు వాళ్ల చేతిలోనే ఉంది. విజయనగర రాజు శ్రీరంగరాయల ఆజ్ఞతో కొండ్రాజు వెంకటరాజు, తిరుమలరాజు మళ్లీ గెలుచుకున్నారని 1584 నాటి శాసనం చెబుతోంది.

జనం కొండెక్కడం ఒక ఎత్తు, స్వామి దిగిరావడం ఒక ఎత్తు. ఈ అడవిలోని చెంచుల ఆడపడుచు చెంచులక్ష్మిని పెళ్లి చేసుకున్నాడు కనుక నరసింహుడు చెంచులకు అల్లుడు. కనుమనాడు స్వామి పల్లకిలో ఊళ్లు తిరిగే పార్వేట ఉత్సవం మొదలవుతుంది. చెంచులు పల్లకి మీదికి బాణాలు వేసి సాగనంపుతారు. జ్వాలా నరసింహుడు, ప్రహ్లాదవరదుడు ఒకే పల్లకిలో ముప్పైకి పైగా ఊళ్లు తిరుగుతారు. ఫాల్గుణంలో జరిగే తన పెళ్లికి స్వామే ఇల్లిల్లూ పిలవడానికి వస్తాడని మా నమ్మకం. నలభై రోజులకు పైగా సాగే ఈ పయనంలో పల్లకి ఏ ఊళ్లో ఆగితే ఆ రోజు ఆ ఊరికి పండగ. కూతుళ్లు, అల్లుళ్లు సంక్రాంతికి రాకున్నా పార్వేటకు వస్తారు. దండ్లు గుడిని దోచుకున్నా, ఈ బంధుత్వం మిగిలింది.

ఇప్పుడు చాలామంది ఒక్క రోజులో ఇక్కడి తొమ్మిది నరసింహ క్షేత్రాలను చుట్టేసి వెళ్లిపోతున్నారు. అంత తొందర వద్దు. ఈసారి కనుమ దాటాక రండి. గుళ్లు చూసి, పల్లకి ఏ ఊళ్లో ఉందో అడిగి, అక్కడికీ వెళ్లండి.