గుర్రం పరుగు నుంచి మోకాలి దాకా

1878 జూన్. కాలిఫోర్నియాలోని పాలో ఆల్టో. రైల్వే కుబేరుడు, ఆ రాష్ట్ర మాజీ గవర్నరు లీలాండ్ స్టాన్‌ఫర్డ్‌కు చెందిన గుర్రాల క్షేత్రం. పరుగుబాటకు ఒక పక్క తెల్లటి తెర కట్టారు. ఎదురుగా పొడుగాటి షెడ్డు. అందులో వరసగా 12 కెమెరాలు. ఒక్కో కెమెరా ముందు బాటకు అడ్డంగా ఒక సన్నటి దారం. గుర్రం తగిలి దారం తెగగానే ఆ కెమెరా షటరు పడుతుంది. ఎడ్వర్డ్ మైబ్రిడ్జ్ అనే ఫొటోగ్రాఫర్ చేస్తున్నది నిజమా, కనికట్టా తేల్చుకోవడానికి పత్రికలవాళ్లు కూడా వచ్చి నిలబడ్డారు.

శాలీ గార్డ్‌నర్ అనే ఆడగుర్రం దౌడు అందుకుంది. దారాలు వరసగా తెగిపోయాయి. ఆ ఊపులో జీను కట్టిన పట్టీ కూడా పుటుక్కున తెగింది. గాజు పలకలు కడిగి చూశారు. నాలుగు గిట్టలూ నేల వదిలిన క్షణం కళ్లెదుట ఉంది. అంతవరకు చిత్రకారులు వేసినట్టు కాళ్లు ముందుకూ వెనక్కూ చాచి లేవు, పొట్ట కిందికి ముడుచుకుని ఉన్నాయి. అన్నిటికన్నా పెద్ద సాక్ష్యం మరొకటుంది. తెగి వేలాడుతున్న ఆ పట్టీ ఫొటోలో పడింది. దాన్ని ఎవరు మాత్రం ముందే గీసి పెట్టుకోగలరు? వచ్చినవాళ్ల అనుమానం అక్కడితో తీరిపోయింది.

కదిలే శరీరాన్ని మన కన్ను సరిగా చూడలేదని ఆ రోజు రుజువైంది.

ఆరేళ్లకు, 1884లో, స్టాన్‌ఫర్డ్ ఒక్కగానొక్క కొడుకు టైఫాయిడ్‌తో పదిహేనేళ్ల వయసులో కన్నుమూశాడు. ఆ బిడ్డ పేరు నిలవాలని తల్లిదండ్రులు అదే క్షేత్రంలో విశ్వవిద్యాలయం కట్టించారు. 1891లో తరగతులు మొదలయ్యాయి. అక్కడివాళ్లు స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీని ఇప్పటికీ ముద్దుగా ‘ఫార్మ్’ అనే పిలుచుకుంటారు. మన కథ రెండో భాగం కూడా అక్కడే జరిగింది.

ఈలోగా శాస్త్రం మరో దారి పట్టింది. 1880లలో పారిస్‌లో ఎతియెన్ జూల్ మారే మనిషికి నల్లటి దుస్తులు తొడిగి, కాళ్లూ చేతుల వెంబడి తెల్లటి గీతలు, చుక్కలు పెట్టి నల్లటి తెర ముందు పరుగెత్తించాడు. ఫొటోలో మనిషి మాయమై గీతల కదలికే మిగిలింది. నేటి మోషన్ ల్యాబుల్లో ఆటగాడి ఒంటికి అతికించే మెరిసే చిన్న బంతులు, అంటే మార్కర్లు, ఆ చుక్కల వారసులే. చుట్టూ ఇన్‌ఫ్రారెడ్ కెమెరాలు, నేలలో అడుగు బలం కొలిచే పలకలు, అన్నిటినీ నడపగల నిపుణులు కావాలి. ఖర్చు లక్షల్లో కాదు, కోట్లలోకి పోతుంది. పైగా ఒంటినిండా బంతులు అంటించుకుని, అలవాటు లేని గదిలో నిలబడ్డ కుర్రాడు మైదానంలో ఆడినట్టే కదులుతాడా? నాకైతే ఆ ప్రశ్న ఖర్చుకన్నా పెద్దది.

2023 అక్టోబరులో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు స్కాట్ ఉల్రిచ్, ఆంటోయిన్ ఫలీస్, స్కాట్ డెల్ప్, వాళ్ల సహచరులు ‘ప్లాస్ కంప్యూటేషనల్ బయాలజీ’ పత్రికలో, కదలికను ఫోన్లతోనే కొలిచే తమ ‘ఓపెన్‌క్యాప్’ పద్ధతిని వివరించారు. ఆ పరీక్ష ఎలా ఉంటుందో చూడండి. ఖాళీ స్థలం. స్టాండ్ల మీద రెండు ఐఫోన్లు, ఒకటి ఎడమవైపు నుంచి, ఒకటి కుడివైపు నుంచి. ముందుగా చదరంగం గళ్లు అచ్చువేసిన అట్టను రెండు ఫోన్లకూ కనబడేలా పెడతారు. ఫోన్లు తామెక్కడున్నాయో లెక్క కట్టుకునేది ఆ గళ్లను బట్టే. ఆటగాడు మామూలు బట్టల్లో వచ్చి కొద్ది సెకన్లు కదలకుండా నిలబడతాడు. తర్వాత నడుస్తాడు, గుంజీ తీస్తాడు, చిన్న పెట్టె మీద నుంచి కిందికి దూకి వెంటనే పైకి ఎగురుతాడు. ఒంటి మీద ఒక్క బంతి లేదు. నేల కింద పలక లేదు.

వీడియోలు ఇంటర్నెట్ ద్వారా సర్వర్‌కు చేరతాయి. అక్కడ ఒక ప్రోగ్రామ్ ప్రతి ఫ్రేములోనూ భుజం, తుంటి, మోకాలు, చీలమండ ఎక్కడున్నాయో గుర్తుపడుతుంది. ఒంటికన్నుతో సూదిలో దారం ఎక్కించడం ఎంత కష్టమో మనకు తెలుసు. రెండో ఫోను ఉంటేనే లోతు అందుతుంది. ఆ బిందువుల నుంచి శరీరం మీది మరిన్ని గుర్తుల స్థానాలను మరో ప్రోగ్రామ్ అంచనా కడుతుంది. చివరికి కండరాలూ ఎముకలూ ఉన్న కంప్యూటర్ అస్థిపంజరం ఆ ఆటగాడిలాగే కదులుతుంది.

ల్యాబు కొలతలతో పోలిస్తే కీళ్ల కోణాల్లో సగటు తేడా 4.5 డిగ్రీలు. తర్వాత 100 మందిని ఒకే వైద్య నిపుణుడు పరీక్షించగా, ల్యాబు పద్ధతికన్నా 25 రెట్లు వేగంగా, ఒక శాతంలోపు ఖర్చుతో పని పూర్తయిందని పరిశోధకులు రాశారు.

ఇదంతా ఎవరికి కావాలి? మోకాలి లిగమెంటు తెగిన ప్రతి ఆటగాడికీ, తెగకుండా కాపాడుకోవాల్సిన ప్రతి పిల్లకీ కావాలి. బ్యాడ్మింటన్ క్రీడాకారుడు పుల్లెల గోపీచంద్ 1994లో డబుల్స్ మ్యాచ్ ఆడుతుండగా మోకాలి లిగమెంటు తెంచుకున్నారు. ఆపరేషన్లు దాటి, 2001లో ఆల్ ఇంగ్లండ్ గెలిచారు. అలా తిరిగి లేచినవాళ్ల పేర్లు మనకు తెలుసు. లేవలేక ఆట మానేసినవాళ్ల పేర్లు ఎవరూ రాసి పెట్టలేదు. మన ఊరి గ్రౌండ్లో పీఈటీ సార్ ‘మోకాలు లోపలికి పడుతోంది, చూసుకోమ్మా’ అంటారు. ఎంత పడుతోందో చెప్పే సాధనం ఆయన చేతిలో లేదు.

అయితే ఒక మాట గట్టిగా చెప్పాలి. దూకి ఎగిరే పరీక్షలో మోకాలి మీద పడే బలాన్ని బట్టి గాయాన్ని ముందే పసిగట్టవచ్చని 2005లో 205 మంది అమ్మాయిలపై జరిగిన అమెరికన్ అధ్యయనం ఆశ పుట్టించింది. 2016లో నార్వే పరిశోధకులు 700 మందికి పైగా క్రీడాకారిణుల మీద ప్రచురించిన అధ్యయనం ఆ పరీక్ష జోస్యానికి పనికిరాదని తేల్చింది. ఫోను జాతకం చెప్పదు. ఆపరేషన్ అయిన కాలు రెండో కాలితో సమంగా బరువు మోస్తోందా, నెల కిందటికీ ఇప్పటికీ మార్పుందా అన్నవి చూపిస్తుంది. శిక్షణలో రోజూ కావలసిందీ అదే.

కాబట్టి క్రీడాశాఖ పెద్దలకు నా మనవి. హకీంపేట, కడప క్రీడా పాఠశాలల్లో ఒక్కో జత ఫోన్లు, ఒక శిక్షణ పొందిన ఫిజియోతో ఈ పని మొదలుపెట్టండి. వీడియో తీసే ముందు తల్లిదండ్రుల అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి, ఆ దృశ్యాలు ఎక్కడ దాస్తున్నారో వాళ్లకు చెప్పండి. కోచ్‌లూ, 4.5 డిగ్రీల తేడాను మరవకండి. రెండు మూడు డిగ్రీలు తగ్గిందని ఏ పిల్లనూ జట్టులోంచి తీసెయ్యకండి. నొప్పి అన్న పిల్లను మాత్రం ఫోను ఏం చెప్పినా ముందు డాక్టరుకు చూపించండి.