నూనె కారే ఇంజన్లు, మర పోయిన బోల్టులు

బ్రిటిష్ మోటార్ సైకిళ్ల మీద ఓ పాత జోకుంది. బండి కింద నూనె చుక్కలు లేవంటే ఇంజన్లో నూనె అయిపోయినట్టే లెక్క! మన దగ్గర పాత బుల్లెట్ నడిపినవాళ్లకి దీన్ని విడమరిచి చెప్పక్కర్లేదు. జోకు బాగానే ఉంది గానీ, నిందంతా బోల్టు బిగించినవాడి మీదకి పోతుంది. అది నాకు నచ్చదు. పాత ట్రయంఫ్ ఒకటి విప్పి బిగిస్తున్నాను కాబట్టి చెబుతున్నా, అసలు కథ వేరు.

ముందు ఊపిరి సంగతి. ట్రయంఫ్ బోన్‌విల్ 1959లో వచ్చింది. 650 సీసీ, రెండు సిలిండర్లు. ఎడ్వర్డ్ టర్నర్ 1937లో స్పీడ్ ట్విన్‌కి గీసిన పద్ధతే ఇందులోనూ: రెండు పిస్టన్లూ ఒకేసారి పైకి, ఒకేసారి కిందికి. దిగినప్పుడల్లా క్రాంక్‌కేసులో గాలికి 650 సీసీల చోటు తగ్గిపోతుంది. జోరుగా వెళ్తే నిమిషానికి 6,000 సార్లు. ఆ గాలి పోవడానికి క్యామ్‌షాఫ్ట్ చివర తిరిగే చిన్న బిళ్ల ఒకటుండేది. అది అరిగినా, గొట్టం పూడుకున్నా, గాలి గాస్కెట్లని తోసుకుని నూనెని వెంటేసుకుని బయటపడుతుంది. (బుల్లెట్లో ఇదే పనికి బాతు ముక్కులాంటి రబ్బరు ముక్క. అది గట్టిపడిందా, అంతే సంగతులు.) పైగా క్రాంక్‌కేసు నిలువునా రెండు చెక్కలు. అతుకు అడుగుదాకా, నూనె చేరే చోటుదాకా పోతుంది.

కారుతుంటే ఎవరైనా ఏం చేస్తారు? ఇంకాస్త బిగిస్తారు. త్రెడ్డు పోయేది ఇక్కడే. బోల్టు ఉక్కు, కేసు అల్యూమినియం. అసలు అది ఏ బోల్టో తెలిస్తే కదా! జోసెఫ్ విట్‌వర్త్ 1841లో మరకి 55 డిగ్రీల కోణం ఖాయం చేశాడు. 1864లో ఫిలడెల్ఫియాలో విలియం సెల్లర్స్ 60 అన్నాడు. బ్రిటన్లో సైకిళ్లవాళ్లు అంగుళానికి 26 చుట్ల మర ఒకటి పెట్టుకుంటే, మోటార్ సైకిల్‌కి అది వారసత్వంగా వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధంలో ఒకరి బోల్టు ఒకరికి పట్టక తిప్పలు పడ్డ అమెరికా, బ్రిటన్, కెనడా 1948లో ఉమ్మడి మరకి ఒప్పుకున్నాయి. ట్రయంఫ్ దానికి మారింది 1960ల చివర్లో, అదీ కొంచెం కొంచెంగా. అందుకే ఆ ఏళ్ల ఇంజన్లో పావు అంగుళం బోల్టు 26 చుట్లదీ కావచ్చు, 28 చుట్లదీ కావచ్చు. కంటికి రెండూ ఒకటే. 28ది 26 రంధ్రంలో మొదట హాయిగా దిగి, ఆగుతుంది. స్పానర్ వేసి ఓ పట్టు పట్టారా, అల్యూమినియం రజను రాలుతుంది. (ఒకే పేరుతో రెండు వెర్షన్లున్న లైబ్రరీతో పనిచేసినవాళ్లకి ఈ బాధ తెలుసు.)

రంధ్రం పెద్దది చేసి లావు బోల్టుకి మర కొట్టేయడం ఒక పద్ధతి. కానీ కేసు అంచు సన్నం, అస్తమానూ కుదరదు. దీనికి మంచి మందు హెలికాయిల్. 1930లలో అమెరికాలో పుట్టి, యుద్ధంలో విమానాల ఇంజన్లకి పనికొచ్చింది. పాడైన రంధ్రాన్ని డ్రిల్లు చేసి, దాని ట్యాపుతోనే కొత్త మర తీసి, స్టెయిన్‌లెస్ స్టీలు తీగచుట్టని లోపలికి తిప్పి, అడుగున ఉన్న తోకని విరిచేస్తాం. పాత బోల్టే మళ్లీ పడుతుంది. అసలు త్రెడ్డు కన్నా ఇదే గట్టిది! తోక ఇంజన్లో పడకుండా చూసుకోవాలి, అంతే.

మరి ఇవన్నీ ఫ్యాక్టరీకి తెలియవా? తెలుసు. టర్నర్ 1960లో జపాన్ వెళ్లి హోండా, సుజుకి, యమహా ఫ్యాక్టరీలు చూసి, అక్కడి యంత్రాల గురించి తిరిగొచ్చి నివేదిక ఇచ్చాడు. 1969లో హోండా సీబీ750 వచ్చింది. నాలుగు సిలిండర్లు, అడ్డంగా చీలిన క్రాంక్‌కేసు, అతుకు నూనె చేరే అడుగుకి పైన. కింద చుక్క పడదు. మెరిడెన్‌లో మాత్రం పాత యంత్రాల మీదే పని. సరిగ్గా చదును కాని ముఖానికి ఏ గాస్కెట్ వేసి, ఎవరు బిగిస్తే ఏం?

1973లో యాజమాన్యం మెరిడెన్ మూసేస్తామంటే కార్మికులు గేటు దగ్గర బైఠాయించారు. 1975లో సహకార సంఘంగా తామే నడిపారు. అదే బోన్‌విల్, 750 సీసీ అయింది. 1983లో అదీ మూతపడింది. ఫ్యాక్టరీ కూల్చిన చోట ఇప్పుడు ఇళ్లున్నాయి. ఒక వీధి పేరు బోన్‌విల్ క్లోజ్.