కమాండుకీ మౌస్‌కీ నడుమ ఒక నీలి తెర

యూనిక్స్‌లో ఫైళ్ల జాబితా చూడాలంటే ఎల్‌ఎస్, నకలు తీయాలంటే సీపీ, తుడిచేయాలంటే ఆర్‌ఎం. కొత్తవాళ్లను విసిగించే ఈ రెండక్షరాల పొడి మాటలకు కారణం ఒక మొండి యంత్రం. 1970ల మొదట్లో బెల్ ల్యాబ్స్‌లో యూనిక్స్‌ను రాసిన కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ పనిచేసింది టెలిటైప్ మోడల్ 33 మీద. దానికి తెర లేదు. సెకనుకు పది అక్షరాల చొప్పున కాగితం మీద టకటకా అచ్చు వేసేది. మీటలు బలంగా నొక్కితే గాని దిగేవి కావు. అలాంటిదాని మీద పొడుగు మాటలు కొట్టే ఓపిక ఎవరికుంటుంది? ఫైలు సృష్టించే సిస్టమ్ కాల్ పేరులో ‘క్రియేట్’ చివరి ‘ఈ’ని కూడా కోసేశారు. యూనిక్స్‌ని మళ్లీ రాస్తే ఏం మారుస్తావని తర్వాతెప్పుడో అడిగితే, ఆ ‘ఈ’ తిరిగి చేరుస్తానన్నాడు థాంప్సన్.

ఈ పొదుపు ఒక్కోసారి కొంప ముంచేది. ఆర్‌ఎం తర్వాత నక్షత్రం గుర్తు, దానికి అతికించి చుక్క, ఓ కొడితే కంపైలర్ వదిలిన ఆబ్జెక్ట్ ఫైళ్లు మాత్రమే పోతాయి. వేలు జారి నక్షత్రం పక్కన ఒక్క ఖాళీ పడిందా, అక్కడున్న సోర్స్ కోడ్ అంతా మాయం. ‘నిజంగానేనా’ అని అడిగే నాథుడు లేడు. అంతా అయ్యాక ‘.ఓ’ అనే ఫైలు దొరకలేదని మాత్రం ఆర్‌ఎం తాపీగా చెబుతుంది.

కమాండ్లకు బదులుగా బొమ్మల దారిని 1981లో జిరాక్స్ స్టార్ వేసింది. ఆఫీసు బల్ల మీది కాగితాలు, ఫోల్డర్లు తెర మీద బొమ్మలయ్యాయి. 1983లో ఆపిల్ లీసా అదే బాట పట్టింది, కానీ ధర 9,995 డాలర్లు.

అదే ఏడాది, కమాండ్లతోనే నడిచే ఐబీఎం పీసీ ఎక్స్‌టీ 10 మెగాబైట్ల హార్డ్ డిస్కుతో వచ్చింది. ఎంఎస్-డాస్ 2.0 డైరెక్టరీలో డైరెక్టరీ పెట్టుకునే వీలిచ్చింది. ఫ్లాపీలో గుప్పెడు ఫైళ్లున్నంత కాలం ఇబ్బంది లేదు. ఇప్పుడు ఏ ఫైలు ఏ కొమ్మన ఉందో గుర్తుపెట్టుకోవడమే పనైంది.

1984లో కార్నెల్ విశ్వవిద్యాలయంలో అనువర్తిత భౌతికశాస్త్రం చదువుతున్న జాన్ సోచా దీనికి విరుగుడు రాయడం మొదలుపెట్టాడు. 1986లో అది నార్టన్ కమాండర్ పేరుతో బజారుకొచ్చింది. నీలి తెర, పక్కపక్కన రెండు జాబితాలు. ఎడమవైపు ఫైలు మీద నిలబడి ఎఫ్5 నొక్కితే నకలు కుడివైపు డైరెక్టరీలోకి వెళ్తుంది. ఎఫ్6 జరుపుతుంది, ఎఫ్8 తుడుస్తుంది. ఎక్కణ్ణుంచి ఎక్కడికి అన్నది కళ్లెదుటే ఉంటుంది, దారి పేరు కొట్టే పని లేదు.

సోచా అసలు తెలివి మాత్రం ఆ జాబితాల కింద ఉంది. డాస్ ప్రాంప్ట్‌ను అతను తీసేయలేదు. అడుగున అలాగే వెలుగుతుంటుంది, కమాండు కొట్టొచ్చు. కంట్రోల్, ఓ కలిపి నొక్కితే జాబితాలు తప్పుకుని వెనక కమాండ్ల ఫలితం కనిపిస్తుంది. ప్రోగ్రామర్‌కి కావలసింది బొమ్మలా మాటలా అన్న తగువులో ఇంత సూటి జవాబు మరొకటి రాలేదేమో.

రష్యాలో ఈ రెండు జాబితాల పద్ధతికి విపరీతమైన ఆదరణ దొరికింది. రార్ ఫార్మాట్ సృష్టికర్త యూజీన్ రోషల్ 1996లో విండోస్ కోసం అదే పద్ధతిలో ఫార్ మేనేజర్ రాశాడు. అంతకుముందే, 1994లో, మెక్సికోకు చెందిన మిగెల్ డి ఇకాజా యూనిక్స్‌కు అలాంటిదే మిడ్‌నైట్ కమాండర్ ఇచ్చాడు. మూడేళ్లకే లినక్స్‌కు మౌస్‌తో నడిచే గ్నోమ్ డెస్క్‌టాప్ ప్రాజెక్టు మొదలుపెట్టినవాళ్లలో అతనూ ఒకడు. ఇక బొమ్మల పక్షానికి పెద్దదిక్కైన ఆపిల్, 2001లో మ్యాక్ ఓఎస్ టెన్‌లో టెర్మినల్‌ను చేర్చి పంపింది.

దూరాన ఎక్కడో ఉన్న లినక్స్ సర్వర్‌లోకి ఎస్‌ఎస్‌హెచ్‌తో వెళ్లి, అందులో మిడ్‌నైట్ కమాండర్ ఉంటే, ఎంసీ అని కొడితే ఇవాళ్టికీ ఆ నీలి తెరే తెరుచుకుంటుంది. నకలుకి ఎఫ్5 నొక్కాలి.